స్ట్రెంత్ కార్డు పడినప్పుడు: ముందు సింహం ఎవరో తేల్చుకోండి

బొమ్మల కార్డులు తీసి జోస్యం చెప్పే టారోలో స్ట్రెంత్ కార్డు బయటపడగానే చాలామంది "ధైర్యంగా ఉండండి, ఓర్చుకోండి, అంతా మంచే జరుగుతుంది" అనేసి పక్క కార్డుకు వెళ్లిపోతారు. అడగడానికి వచ్చినవాళ్లు ఆ మాట అప్పటికే పదిమంది దగ్గర విని ఉంటారు. దేని ముందు నిలబడాలి, ఎలా నిలబడాలి, రేపు పొద్దున లేచి ఏం చేయాలి అన్నది వాళ్లకు కావాలి. ఒక స్త్రీ ఒట్టి చేతులతో సింహం నోరు పట్టుకుని ఉన్న ఈ కార్డు బొమ్మలో ఆ మూడింటికీ జవాబు దొరుకుతుంది. దాన్ని వరుసగా బయటికి తీసే పద్ధతి ఇది.

తెలుగులో ఈ కార్డుకు బలం, శక్తి, మనోబలం, సహనం అని రకరకాల మాటలు వాడుతున్నారు. అన్నిటికంటే దగ్గరగా వచ్చే మాట నిబ్బరం. గుండె నిబ్బరం ఉన్న మనిషికీ భయం వేస్తుంది, కానీ ఆ భయంలో చేతులెత్తేయడు. కార్డులోని స్త్రీ అచ్చం అలాంటిదే. రీడింగ్ చెప్పేటప్పుడు 'సహనం' అన్న చోటల్లా 'నిబ్బరం' అని వాడి చూడండి, దాని వెనక మీరిచ్చే సలహా కూడా మారిపోతుంది.

ముందు మీ డెక్ ఏదో చూసుకోండి

డెక్ అంటే కార్డుల కట్ట. ఇక్కడ చెప్పేదంతా 1909లో లండన్‌లో అచ్చయిన రైడర్-వెయిట్-స్మిత్ డెక్‌ను పట్టుకుని చెబుతున్నది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. అచ్చువేసింది రైడర్ సంస్థ. ఇవాళ దొరికే డెక్‌లలో చాలావాటికి ఈ బొమ్మలే మూలం. మొత్తం 78 కార్డులు, అందులో 22 మేజర్ ఆర్కానా అనే పెద్ద కార్డులు, 56 మైనర్ అనే చిన్న కార్డులు. ఈ చిన్నవి వాండ్స్ (కర్రలు), కప్స్ (గిన్నెలు), స్వోర్డ్స్ (కత్తులు), పెంటకిల్స్ (నాణేలు) అని నాలుగు రకాలు. స్ట్రెంత్ మేజర్ కార్డు, నంబరు 8.

మీ కార్డు మీద 11 అని ఉంటే అచ్చుతప్పు అనుకోకండి. ఫ్రాన్స్‌కు చెందిన పాత మార్సెయ్ డెక్‌లలో 8 జస్టిస్‌ది, 11 స్ట్రెంత్‌ది. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే గూఢవిద్యల సంఘం ఈ కార్డులకు రాశులను జోడించింది. స్ట్రెంత్‌కు సింహం, జస్టిస్‌కు తుల ఇచ్చారు. రాశుల వరుసలో సింహం ముందు, తుల తర్వాత వస్తుంది కాబట్టి రెండు కార్డులూ చోటు మార్చుకున్నాయి. వెయిట్ ఆ సంఘంలోనే ఉన్నవాడు, తన డెక్‌లో అదే మార్పు ఉంచాడు గానీ కారణం బయటికి చెప్పలేదు. నంబరు ఏదైనా కింద చెప్పే పద్ధతి పనిచేస్తుంది. థోత్ డెక్ వాడేవాళ్లు మాత్రం ఇక్కడ ఆగాలి. అందులో ఈ కార్డు పేరే 'లస్ట్', నంబరు 11, స్త్రీ మృగం మీద స్వారీ చేస్తూ ఉంటుంది. అక్కడి అర్థం ఉద్వేగంలో ఒళ్లు మరిచిపోవడం, ఇక్కడి అర్థం దానికి నేరుగా సరిపోదు.

ప్రశ్నను తిప్పి రాయండి

స్ట్రెంత్ లోపలి సంగతి చెప్పే కార్డు. "నాకు ఈ ఉద్యోగం వస్తుందా?", "అతను ఒప్పుకుంటాడా?" లాంటి ప్రశ్నలకు ఇది పడితే రీడర్ ఊహల్లోకి జారిపోతాడు. బొమ్మలో ఉద్యోగం లేదు, పెళ్లి లేదు. ఒక మనిషి, ఒక మృగం, వాటి మధ్య రెండు చేతులు ఉన్నాయి, అంతే. అందుకే కార్డులు కలపకముందే ప్రశ్నను 'ఎలా' అనో 'ఏమిటి' అనో అడిగేట్టు తిప్పండి. "ఇంటర్వ్యూ గదిలో నా నోరు కట్టేసేది ఏమిటి?", "ఈ సంబంధం గురించి నాన్నతో ఎలా మాట్లాడాలి?" అన్నట్టు. ఒకే వాక్యంగా కాగితం మీద రాయండి. మధ్యలో 'ఇంకా' అని వస్తే అవి రెండు ప్రశ్నలు, విడివిడిగా రెండు రీడింగ్‌లు చేయండి.

చిలక జోస్యంలో చిలక లాగిన కార్డుకు చెప్పాల్సిన మాట జోస్యం చెప్పేవాడి నోట సిద్ధంగా ఉంటుంది. టారోలో సిద్ధంగా ఉన్న అర్థం సగమే. మిగతా సగం మీరు రాసుకున్న ఆ వాక్యం నుంచి వస్తుంది.

రెండు నిమిషాలు బొమ్మనే చూడండి

అర్థాల పుస్తకం మూసేయండి. ఫోన్‌లో రెండు నిమిషాలు టైమర్ పెట్టి, ఈ వరుసలో కళ్లు నడపండి.

మొదట చేతులు. ఒక చెయ్యి సింహం ముట్టె మీద, రెండోది దవడ కింద. కత్తి లేదు, కొరడా లేదు, తాడు లేదు. ఆమె నోరు తెరుస్తోందా మూస్తోందా అని చాలామంది వాదించుకుంటారు. ఈ డెక్‌లో మూస్తోందనే వెయిట్ రాశాడు. మార్సెయ్ డెక్‌లో మాత్రం తెరుస్తున్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడ తెలుగువాళ్లం ఒక పొరపాటు చేస్తాం. నోరు మూయడం అనగానే మనకు "నోరు మూసుకుని ఉండు" అన్న మాట గుర్తొస్తుంది. దాంతో కార్డు మౌనంగా భరించమంటోందని చెప్పేస్తాం. మళ్లీ చూడండి. మూతపడుతున్నది సింహం నోరు, ఆమె నోరు కాదు. కాటు ఆగుతోంది, మాట ఆగడం లేదు. ఈ తేడా పట్టుకోకపోతే రీడింగ్ మొత్తం తలకిందులవుతుంది.

తర్వాత ముఖం. కళ్లు కిందికి వాలి ఉన్నాయి, నుదుట ముడత లేదు. 'పళ్ల బిగువున ఓర్చుకోవడం' అంటాం కదా, ఆ బిగువు ఈ ముఖంలో ఎక్కడా లేదు. అడిగినవాళ్లు దవడ బిగించి, భుజాలు పైకెత్తి కూర్చుని "నేను చాలా స్ట్రాంగ్‌గా ఉన్నానండీ" అంటుంటే, కార్డు చూపించేదానికీ వాళ్లున్న తీరుకూ మధ్య ఎంత దూరం ఉందో మీకే తెలుస్తుంది. ఆ దూరమే రీడింగ్‌లో చెప్పాల్సిన మొదటి విషయం.

ఇప్పుడు సింహం. నాలుక బయట ఉంది, తోక కాళ్ల మధ్యకు చేరింది, చూపు పైకెత్తి ఆమె వైపు ఉంది. అది చావలేదు, బోనులో లేదు. కావాలంటే ఈ క్షణంలో కరవగలదు, కరవడం లేదు. సింహానికి దగ్గరగా ఆమె ఒంగి ఉన్న తీరు కూడా గమనించండి. దూరంగా నిలబడి అదుపు చేసే పని కాదిది.

ఆమె తలలో పూలున్నాయి, నడుముకు పూలదండ ఉంది. ఆ పూల గొలుసుతోనే సింహాన్ని నడిపిస్తోందని వెయిట్ వివరణ. ఇక్కడ ఒక పని చేయండి. మేజర్ కార్డుల్లో ఫూల్‌ను పక్కన పెట్టి, మిగతా 21 కార్డులను ఏడేసి చొప్పున మూడు వరుసలుగా పరవండి. స్ట్రెంత్ రెండో వరుస మొదట్లో వస్తుంది. దాని పైన 1, మెజీషియన్. కింద 15, డెవిల్. మెజీషియన్ తల మీదా స్ట్రెంత్ తల మీదా పడుకున్న 8 లాంటి అనంతం గుర్తు ఒకటే. మెజీషియన్ బల్ల మీది వస్తువులతో పనిచేస్తాడు, ఈమె తన లోపలి మృగంతో పనిచేస్తుంది. డెవిల్‌లో ఇద్దరి మెడలకు గొలుసులున్నాయి, వదులుగా ఉన్నా వాళ్లు తీసుకోవడం లేదు. ఒకే కోరిక పూలదండతో నడవగలదు, గొలుసై మెడకూ పడగలదు. వ్యసనాల మీద, వదల్లేని అలవాట్ల మీద ప్రశ్న వచ్చినప్పుడు ఈ నిలువు వరుసను అడిగినవాళ్ల ముందు పరిచి చూపించండి. ఎంత మాట చెప్పినా దిగనిది ఆ మూడు బొమ్మలతో దిగుతుంది.

వెనక నీలం కొండ, పైన పసుపు ఆకాశం. వీటి మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. దారి ఇంకా మిగిలుందని అనుకుంటే చాలు.

ఈ బొమ్మ మొదటి నుంచీ ఇంత మెత్తగా లేదు. టారో 15వ శతాబ్దపు ఇటలీలో పుట్టిన పేకాట, జోస్యానికి వాడకం 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఊపందుకుంది. మిలాన్ ప్రభువుల కోసం చేతితో చిత్రించిన విస్కోంటి-స్ఫోర్జా డెక్‌లో ఇదే కార్డు మీద ఒక మగవాడు దుడ్డుకర్ర ఎత్తి సింహాన్ని కొట్టబోతుంటాడు. యూరప్‌లో వివేకం, న్యాయం, మితం, ధైర్యం అని నాలుగు మూల సద్గుణాలు చెప్పేవారు. ఆ ధైర్యమే ఈ కార్డు. కర్ర నుంచి ఒట్టి చేతులకు వచ్చిన ఈ మార్పును గుర్తుపెట్టుకోండి. అడిగినవాళ్లు తమ భయాన్నో కోపాన్నో 'చంపేయాలి' అంటున్నప్పుడల్లా వాళ్లు పాత కార్డులో ఉన్నారన్నమాట.

సింహానికి పేరు పెట్టండి

అసలు పని ఇదే. ఇది వదిలేస్తే ఎంత అందంగా మాట్లాడినా ఉపయోగం లేదు. అడిగినవాళ్ల చేత ఈ వాక్యం పూర్తి చేయించండి: "నన్ను మింగేస్తుందేమోనని నేను భయపడేది నాలోని ______." ఒక్క మాటే రావాలి. కోపం, భయం, దుఃఖం, ఆశ, అసూయ, పంతం, తాగుడు, ఒంటరితనం, ఏదైనా కావచ్చు. పెద్ద కథ చెబితే విని, "అందులో ఒక్క మాట చెప్పండి" అని మళ్లీ అడగండి.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. "మా అత్తగారే సింహమండీ" అంటారు. లేదా మేనేజర్, మరిది, అప్పులవాడు. బయటి మనిషిని సింహం చేస్తే కార్డు పనిచేయదు, ఎందుకంటే బయటి మనిషి దవడ మీ చేతికి అందదు. "ఆవిడ ఆ మాట అన్న క్షణంలో మీలో లేచేది ఏమిటి?" అని తిప్పి అడగండి. అవమానం అంటారు, మంట అంటారు, చిన్నప్పటి బెరుకు అంటారు. అదే సింహం.

పేరు దొరికాక రెండో ప్రశ్న: "ఇది మీలో పూర్తిగా లేకుండా పోతే మీరు ఏం కోల్పోతారు?" చాలామందికి ఈ ప్రశ్న కొత్తగా ఉంటుంది. కోపం పోతే ఎవరు హద్దు దాటారో తెలియదు. భయం పోతే పరీక్షకు చదవరు, బండి నెమ్మదిగా నడపరు. దుఃఖం పోతే పోయినవాళ్ల మీది ప్రేమ ఎక్కడుంటుంది? సింహం బతికి ఉండటానికి కారణం ఒకటి చెప్పించగలిగితే, దాన్ని చేత్తో పట్టుకునే దారి కూడా వాళ్లకే కనిపిస్తుంది.

ఆ తర్వాత చేతుల సంగతి. ముట్టె మీది చెయ్యి ఆపేది, దవడ కింది చెయ్యి ఆసరా ఇచ్చేది. ఆ సింహానికి ఈ రెండూ ఏమిటో విడిగా రాయండి. సింహం కోపం అయితే, ఆపే చెయ్యి: జవాబు వాట్సాప్‌లో వెంటనే పంపకుండా డ్రాఫ్ట్ రాసి రాత్రి ఆపడం. ఆసరా ఇచ్చే చెయ్యి: ఏ మాట నొప్పించిందో ఒక నమ్మకమైన మనిషికి ఉన్నదున్నట్టు చెప్పుకోవడం. సింహం స్టేజి భయం అయితే, ఆపే చెయ్యి: మొదటి మూడు వాక్యాలు కంఠతా పట్టడం. ఆసరా చెయ్యి: ముందు వరుసలో తెలిసిన ముఖాన్ని కూర్చోబెట్టుకోవడం. ఒక్క చెయ్యే రాస్తే రీడింగ్ సగంలో ఆగినట్టే. ఆపడం మాత్రమే ఉంటే అది దిగమింగడం. ఆసరా మాత్రమే ఉంటే సింహాన్ని గారాబం చేయడం.

మన కళ్లకు మాత్రమే కనిపించేవి

స్త్రీ, సింహం పక్కపక్కన ఉండగానే మనకు దుర్గమ్మ గుర్తొస్తుంది. అడిగినవాళ్లకు ఆ తలపుతో ధైర్యం వస్తే వారించకండి. అర్థం చెప్పేటప్పుడు మాత్రం కలపకండి. అమ్మవారి సింహం ఆమె వాహనం, ఆమె పక్షాన యుద్ధంలో ఉంటుంది, ఆమె చేతుల నిండా ఆయుధాలుంటాయి, ఎదురుగా మహిషాసురుడుంటాడు. ఈ కార్డులో ఆయుధం లేదు, శత్రువు లేడు. "శత్రువుల మీద విజయం" అని చెబితే అది వేరే బొమ్మకు అర్థం చెప్పినట్టు. సింహపు పిల్ల నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టబోయిన శకుంతల కొడుకు భరతుడి కథ కూడా దగ్గరగా అనిపిస్తుంది. అక్కడ ఉన్నది భయమంటే తెలియని పసితనం. ఇక్కడి స్త్రీకి ఆ పళ్లు ఏం చేయగలవో తెలుసు.

రాశి విషయంలో ఇంకా జాగ్రత్త. "నాది సింహ రాశి, అందుకే ఈ కార్డు వచ్చింది" అని మనవాళ్లు అంటే, వాళ్లు చెప్పేది చంద్రుడు ఉన్న రాశి: మఖ, పుబ్బ, ఉత్తర మొదటి పాదం. టారోలో చెప్పే సింహం పాశ్చాత్య లెక్క, సూర్యుడిది. దాదాపు జులై 23 నుంచి ఆగస్టు 22 వరకు. మన పంచాంగంలో సూర్యుడు సింహంలోకి వచ్చేది ఆగస్టు మధ్య దాటాకే. కార్డు నుంచి సమయం చెప్పే అలవాటున్నవాళ్లు ఏ లెక్క వాడుతున్నారో ముందే చెప్పాలి, లేకపోతే నెల తేడా వస్తుంది. కార్డుతో సమయం చెప్పకపోవడమే మేలు.

పుట్టిన తేదీ కార్డు చూసే పద్ధతి ఒకటి ఉంది. రోజు, నెల, సంవత్సరం కూడి, వచ్చిన అంకెలను మళ్లీ కూడతారు. 15-8-1947 తీసుకోండి: 15, 8, 1947 కలిపితే 1970. 1, 9, 7, 0 కలిపితే 17, స్టార్ కార్డు. 1, 7 కలిపితే 8, స్ట్రెంత్. తేదీ లెక్కలో 17, 8 జంటగా వచ్చినవాళ్లకు ఈ రెండు కార్డులనూ పక్కపక్కన పెట్టి చూపించండి. సింహాన్ని పట్టుకున్న చేతులే స్టార్‌లో కుండలతో నీళ్లు పోస్తున్నట్టు కనిపిస్తుంది.

స్ప్రెడ్‌లో ఎక్కడ పడింది?

స్ప్రెడ్ అంటే కార్డులను పరిచే వరుస. మూడు కార్డుల స్ప్రెడ్‌లో మొదటి చోట పడితే, ఈ మనిషి ఇలాంటి పరిస్థితిని ఇదివరకు ఒకసారి దాటాడు. ఎప్పుడో అడిగి, అప్పుడేం చేశారో చెప్పించండి, మిగతా రెండు కార్డులూ దాన్నిబట్టి చదవండి. మధ్యలో పడితే ఇప్పుడు చేతులు దవడ మీదే ఉన్నాయి, వదలడానికి సమయం కాదు. చివర పడితే ఫలితం చెప్పినట్టు కాదు, ఏ తీరుగా నడవాలో చెప్పినట్టు.

పది కార్డుల కెల్టిక్ క్రాస్‌లో రెండో చోట, అంటే అడ్డంగా పెట్టే కార్డుగా పడితే చాలామంది తికమకపడతారు. మంచి కార్డు అడ్డంకి ఎలా అవుతుంది? ఎప్పుడూ తానే నిబ్బరంగా ఉండాలనుకోవడమే అక్కడ అడ్డంకి. ఇంటి భారమంతా మోసే పెద్దకూతురు, ఎవరి ముందూ కంటతడి పెట్టని తండ్రి. వీళ్లకు ఈ చోట స్ట్రెంత్ తరచుగా అతికినట్టు సరిపోతుంది. "మీరు ఒక రోజు చేతులు తీసేస్తే ఏమవుతుందని భయం?" అని అడగండి. తొమ్మిదో చోట, ఆశలూ భయాలూ చెప్పే చోట పడితే, తనలో అంత బలం ఉందని ఒప్పుకోవడానికే భయపడుతున్నట్టు.

పక్కన ఉన్న కార్డులు

స్ట్రెంత్‌ను దగ్గరి చుట్టాలైన కార్డులతో కలిపేయడం సాధారణ పొరపాటు. చారియట్, నంబరు 7, బయటి అదుపు. రథం లాగే స్ఫింక్స్‌లకు, అంటే మనిషి తల, సింహపు ఒళ్లు ఉన్న మృగాలకు, కళ్లాలు లేవు, సంకల్పంతోనే నడవాలి, గెలుపు నలుగురికీ కనిపిస్తుంది. సెవెన్ ఆఫ్ వాండ్స్‌లో మనిషి ఎత్తు మీద నిలబడి కింది నుంచి వచ్చే ఆరు కర్రలను ఎదుర్కొంటున్నాడు, పోరు నడుస్తోంది. నైన్ ఆఫ్ వాండ్స్‌లో తలకు కట్టు ఉంది, దెబ్బ తిన్నాక కూడా కాపలా వదలని మొండితనం అది. తట్టుకుని నిలబడటం గురించి ప్రశ్న వస్తే నైన్ ఆఫ్ వాండ్స్‌కూ స్ట్రెంత్‌కూ తేడా ఇలా చూడండి: అక్కడ మనిషి ఇంకా గోడ కాపలాలో ఉన్నాడు, ఇక్కడ గోడ లేదు. ఈ రెండూ కలిసి పడితే "ఇక కాపలా సడలించవచ్చు, దగ్గరికి రానివ్వవచ్చు" అని చదవండి.

గోల్డెన్ డాన్ లెక్కలో వాండ్స్ 5, 6, 7 మూడూ సింహ రాశివే. వాటిలో ఏది పక్కన పడినా స్ట్రెంత్ స్వరం పెరుగుతుంది. నైన్ ఆఫ్ స్వోర్డ్స్‌తో, అంటే నిద్రలేక మంచం మీద కూర్చుని ముఖం చేతుల్లో దాచుకున్న మనిషితో పడితే, సింహం రాత్రిపూట వస్తుంది, ఏ పనైనా పడుకోబోయే ముందు గంటకు పెట్టండి. టెన్ ఆఫ్ వాండ్స్‌తో పడితే "ఇంకా ధైర్యంగా ఉండండి" అనకండి, ఆ మనిషి అప్పటికే మోయలేనంత మోస్తున్నాడు, ఒక బరువు దించే మాట చెప్పండి. టవర్‌తో పడితే ఇల్లు కూలడాన్ని ఆపలేరు, కూలాక చెయ్యి వణకకుండా ఉండటం గురించే రీడింగ్.

తలకిందులుగా పడితే

తలకిందులను చదువుతారో లేదో కార్డులు కలపకముందే తేల్చుకోండి. పడ్డాక తేల్చుకుంటే నచ్చిన అర్థం ఎంచుకున్నట్టవుతుంది. చదివేట్టయితే మూడు అర్థాలు ఉన్నాయి, వాటిలో ఒకటే పట్టుకోవాలి.

సింహం చేతుల్లోంచి తప్పించుకుంది: అరుపులు, తొందరపాటు, చేసి తర్వాత ఏడవడం. పక్కన వాండ్స్, స్వోర్డ్స్ ఎక్కువుంటే ఇది. రెండోది, సింహాన్ని ఆకలితో కట్టేశారు: ఏదీ అనిపించకపోవడం, నీరసం, "నాకేం కోపం లేదండీ" అన్న మాట. కప్స్, పెంటకిల్స్ ఎక్కువుండి, అడిగినవాళ్ల గొంతు సన్నగా ఉంటే ఇది. మూడోది మెజారిటీ రీడర్లు మరిచిపోయేది, వెయిట్ మాత్రం ముందుగా చెప్పినది: బలాన్ని ఇతరుల మీద వాడటం, పెత్తనం. ఎంపరర్ గానీ కింగ్ కార్డులు గానీ పక్కన ఉంటే దీన్ని తప్పకుండా అడగాలి. "ఈ మధ్య మీ మాట ముందు ఇంట్లో ఎవరు నోరు విప్పలేకపోతున్నారు?" అన్న ప్రశ్న వినడానికి కష్టంగా ఉంటుంది, అడగడం రీడర్ బాధ్యత.

ఈ కార్డుతో ఎప్పుడూ చెప్పకూడని మాట

ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి అడిగినప్పుడు స్ట్రెంత్ పడితే, "ఓర్చుకో, ప్రేమతో మార్చుకో" అని చెప్పడం ఘోరమైన తప్పు. మృగాన్ని మెత్తటి చేత్తో లొంగదీసే బొమ్మ కాబట్టి ఆ అర్థం నాలుక చివరికి వచ్చేస్తుంది. కొట్టే మనిషి ఈ కార్డులోని సింహం కాదు. ఇక్కడ సింహం ఆమె భయం, చేతులు ఆమె తీసుకునే అడుగు. కార్డులు పక్కన పెట్టి, మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112 చెప్పండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే రీడింగ్ అక్కడే ఆపి, టెలి మానస్ 14416కు ఫోన్ కలపండి, కలిసేదాకా పక్కనే ఉండండి. రోగం ఏమిటి, మందు ఆపాలా వద్దా అన్న ప్రశ్నలకు ఏ కార్డూ తీయకండి.

ఒక రీడింగ్ మొదటి నుంచి చివరి దాకా

ఒక ఉద్యోగిని అడిగిన ప్రశ్న: "మీటింగ్‌లో అందరి ముందూ నా పనిని తీసిపారేస్తుంటే నేను ఎలా నిలబడాలి?" పడిన కార్డులు: ఫైవ్ ఆఫ్ వాండ్స్, స్ట్రెంత్, క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్. అన్నీ నిటారుగానే.

మొదటి కార్డులో ఐదుగురు కుర్రాళ్లు కర్రలు ఊపుతున్నారు, ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారో తెలియదు. మీటింగ్ అలాగే ఉంది. అది సింహ రాశి కార్డు కూడా కాబట్టి మధ్య కార్డుకు సూటిగా అతుకుతుంది. సింహం పేరు అడిగితే ఆమె ముందు "మేనేజర్" అంది, తిప్పి అడిగితే "అవమానం" అంది. అవమానం లేకపోతే ఏం పోతుందంటే, "నా పని మీద నాకు గౌరవం ఉందని తెలియదు" అంది. మూడో కార్డులో రాణి కత్తి నిటారుగా పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపి కూర్చుంది. స్పష్టమైన మాట, తెరిచిన చెయ్యి.

చెప్పాల్సింది ఇలా: "మీకు మండటం తప్పని ఈ కార్డు అనడం లేదండి. ఆ మంట మీటింగ్‌లో నోరు తెరిస్తే కరుస్తుంది, లోపలే మింగితే ఇంటికి వచ్చి పిల్లల మీద కరుస్తుంది. దాని ముట్టె మీద చెయ్యి వేయండి, అంటే ఆ క్షణంలో జవాబివ్వకుండా, మేనేజర్ అన్న మాటను అక్షరం మార్చకుండా నోట్‌బుక్‌లో రాసుకోండి. దవడ కింద చెయ్యి పెట్టండి, అంటే మర్నాడు ఆయన్ని ఒంటరిగా కలిసి, ఆ వాక్యం చదివి, ఏది సరికాదో రెండు వాక్యాల్లో చెప్పండి. ఏం చెప్పాలో మూడో కార్డే చూపిస్తోంది, నిందించకుండా, నసగకుండా." ఇందులో ఆయన మారతాడని ఎక్కడా మాట ఇవ్వలేదు. కార్డు ఇవ్వని మాట రీడర్ ఇవ్వకూడదు.

వారం రోజుల పని

రీడింగ్ అయ్యాక అడిగినవాళ్లకు ఏడు రోజులకు ఒకే చిన్న పని ఇవ్వండి. రోజుకు ఐదు నిమిషాలకు మించకూడదు. రెండు పనులిస్తే మూడో రోజుకే రెండూ ఆగిపోతాయి. సింహం లేచిన ప్రతిసారీ నోట్‌బుక్‌లో మూడు సంగతులు రాయమనండి: ఎన్ని గంటలకు, ఒంట్లో ఎక్కడ (ఛాతీలో, కడుపులో, గొంతులో), అప్పుడు చేతులు ఏం చేశాయి. చివరిది అక్షరాలా చేతుల గురించే. ఫోన్ పట్టుకున్నాయా, పిడికిలి బిగించాయా, తలుపు వేశాయా. నాలుగైదు రోజులకు ఒక వరుస కనిపిస్తుంది. రోజూ సాయంత్రం ఏడింటికి లేస్తున్న సింహం చాలాసార్లు ఆకలో నిద్రలేమో అయి ఉంటుంది, దానికి టారో అక్కర్లేదు, అన్నం చాలు.

ఎనిమిదో రోజు అదే ప్రశ్నకు మళ్లీ కార్డులు తీయకండి. పాత కార్డునే ముందు పెట్టుకుని, నోట్‌బుక్ పక్కన తెరిచి, సింహం తోకను చూడండి. మొదటి రోజు రాసిన చేతులకూ ఏడో రోజు రాసిన చేతులకూ తేడా ఉంటే ఆ పేజీ మీద తేదీ వేసి మడిచి ఉంచండి. తేడా లేకపోతే సింహం పేరు తప్పు పెట్టారన్నమాట. ఖాళీ వాక్యం దగ్గరికి తిరిగి వెళ్లి, రెండో మాట రాయించండి.